బల్లి ఊరి అమ్మోరు

దాలమ్మకి భక్తి లేదని మా ఊళ్ళో చాలామంది అభిప్రాయం. శనివారాలు ఉపవాసం ఉండదు. కార్తీకమాసంలో తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం చెయ్యమంటే, "సలికి బిగుసుకుపోతే దేవుడొచ్చి దుప్పటి కప్పుతాడేటి?" అంటుంది. రామాలయంలో భజన జరుగుతుంటే అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు వలుచుకుంటుంది.

కానీ అసిరితల్లితో ఆవిడ వ్యవహారం వేరు. అసిరితల్లి మా గంగాలవలస గ్రామదేవత. గజపతినగరం వెళ్ళే రోడ్డు పక్కన, మొక్కజొన్న చేల మొదట్లో, రేకుల కప్పు కింద ఉంటుంది. దాలమ్మ పొలానికి వెళ్తూ అక్కడ ఆగుతుంది. దండం పెట్టదు. పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

"తల్లీ, నువ్వుసేను వాడిపోతంది. మబ్బేమో కొండ మీద కురిసేసి అట్నుంచటే ఎలిపోతంది. కాస్త సూడు మరి."

అంతే. వాన పడితే మర్నాడు ఒక కొబ్బరికాయ. పడకపోతే ముఖం తిప్పుకుని వెళ్ళిపోతుంది.

ఆవిడ లెక్కలో ప్రతి ఊరికీ ఒక అమ్మోరు ఉంటుంది. ఆ అమ్మోరి అధికారం ఆ ఊరి పొలిమేర దాకానే. పొలిమేర దాటితే వేరే అమ్మోరి ఇలాకా. కొత్త ఊరు వెళ్ళినవాళ్ళు ముందుగా ఆ ఊరి అమ్మోరికి తాము ఎవరో, ఎందుకొచ్చారో చెప్పుకోవాలి. చెప్పకుండా తిరిగితే, ఏదైనా జరిగినప్పుడు ఆవిడకి మాత్రం ఎలా తెలుస్తుంది?

కంటి ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఇదే గొడవ. ఆస్పత్రిలో పేరు రాయించడానికి టైమైపోతోందని భర్త జగన్నాధం నెత్తీ నోరూ కొట్టుకున్నా, ఆటోని కనకమహాలక్ష్మి గుడికి తిప్పించి, "నాను గంగాలవలస దాలమ్మని, కంటికి వచ్చేను, పనవగానే ఎలిపోతాను" అని చెప్పి గానీ ఆస్పత్రి గుమ్మం ఎక్కలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. అందులో సగం డాక్టరు గొప్పతనం అని ఇప్పటికీ ఒప్పుకుంటుంది.

ఇటువంటి మనిషి ఐర్లాండు వెళ్ళవలసి వచ్చింది.

కూతురు అనిత అక్కడ వృద్ధుల ఆశ్రమంలో నర్సు. అల్లుడు ఈశ్వర్‌ది గరివిడి. పాల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అనితకి తొలి కాన్పు వచ్చింది. ఈశ్వర్ వాళ్ళమ్మ మోకాళ్ళు ఆవిడని వీధి గుమ్మం కూడా దాటనివ్వవు. పురుడు పుట్టింటివాళ్ళ బాధ్యతే కాబట్టి దాలమ్మ బయల్దేరింది. జగన్నాధం గేదెల్ని వదిలి రానన్నాడు.

"గేదెలకన్నా నాను తక్కువేటి మావా?" అని అడిగింది.

"గేదెలు నాతో గొడవ పడవు" అన్నాడాయన.

ఈశ్వర్ ఫోన్లోనే ఆవిడకి ఇంగ్లీషు నేర్పాడు. విమానాశ్రయంలో ఎవరైనా ఎందుకొచ్చావని అడిగితే "డాటర్, డెలివరీ" అనాలి. రెండే ముక్కలు. దాలమ్మ విమానంలో దారి పొడుగునా వల్లించుకుంది. తీరా డబ్లిన్‌లో పాస్‌పోర్టు చూసే ఆయన ఏదో అడిగేసరికి మొదటి ముక్క మర్చిపోయింది.

"డెలివరీ" అంది గట్టిగా.

ఆయన ఆవిడ్ని, ఆవిడ సంచీని చూసి, ఏం డెలివరీ చెయ్యడానికి వచ్చావని అడిగాడు. ఆవిడకి అర్థమైంది 'డెలివరీ' ఒక్కటే. "ఎస్, ఎస్! డెలివరీ!" అంటూ సంచీలోంచి బాలింతకి తెచ్చిన కారప్పొడి సీసా తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనక వరసలో ఉన్న ఒక హైదరాబాదు అమ్మాయి నవ్వు ఆపుకోలేక వచ్చి సంగతి చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ సీసా అక్కడే డెలివరీ అయిపోయేది.

కారెక్కగానే దాలమ్మ అడిగిన మొదటి మాట, "మీ ఊరి పేరేటన్నావు బాబూ?"

"బల్లిక్లోరా అత్తా."

"బల్లా? ఊరికి బల్లి పేరేటి?"

"ఇక్కడ చాలా ఊళ్ళకి బల్లి ఉంటాది అత్తా. బల్లి ఈ ఊరు, బల్లి ఆ ఊరు."

దాలమ్మ కాసేపు ఆలోచించి, "మీద పడనంతవరకూ పరవానేదు" అని, రెండో మాట అడిగింది. "ఈ ఊరి అమ్మోరెవులు?"

నిండు గర్భంతో వెనక సీట్లో కూర్చున్న అనిత కళ్ళు మూసుకుంది. ఈ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు. "ఇక్కడ అమ్మోర్లు ఉండరమ్మా."

"అమ్మోరు నేని ఊరుంటాదేటి? గుంటలకి జొరమొస్తే ఎవులికి మొక్కుతారు?"

"డాక్టరు దగ్గరకి తీసుకెళ్తారు."

"డాక్టరు కాడికి మనమూ తీసుకెల్తాం. ఆ తరవాత?"

అనిత కిటికీ వైపు తిరిగింది. ఈశ్వర్ మాత్రం అత్తగారిని సంతోషపెడదామని ఫోన్లో డబ్లిన్‌లోని వెంకటేశ్వరస్వామి మందిరం ఫొటో చూపించాడు. ఏదో గోడౌన్ అద్దెకి తీసుకుని పెట్టుకున్నారు. దాలమ్మ భక్తిగా కళ్ళకద్దుకుని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"సామి మనోడే. కానీ ఈయనా మనలాగే వలసొచ్చినోడు బాబూ. ఇక్కడ సంగతులు ఈయనకేటి తెలుస్తాయి?"

ఇంట్లో అనిత దేవుళ్ళు వంటింటి అలమరలో, ఉప్పు డబ్బా పక్కన ఉన్నారు. దీపం వెలిగిస్తే పొగ గంట మోగుతుందని బ్యాటరీ దీపం పెట్టింది. దాలమ్మ తొంగి చూసింది. "అద్దికున్న దేవుళ్ళు పాపం, సద్దుకుని కూసున్నారు" అంది. ఆ మాట అనితకి ఎక్కడో గుచ్చుకుంది. ఆరేళ్ళుగా తనూ అలాగే ఉంటోంది. ఎవరికీ అడ్డం రాకుండా, గట్టిగా మాట్లాడకుండా, మన ఊరు కాదు గదా అన్నట్టు.

డిసెంబరు నడిమధ్యలో ఆడపిల్ల పుట్టింది. అంతా సుఖంగా జరిగింది గానీ, ఇంటికొచ్చాక పిల్ల సాయంత్రం కాగానే ఏడుపు మొదలుపెట్టేది. అక్కడ నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. చీకటితోపాటు ఏడుపు. పాలిచ్చినా ఆగదు, వాము నీళ్ళు పట్టిద్దామంటే అనిత పట్టనివ్వదు.

"కడుపులో గాలమ్మా. చాలామంది పిల్లలకి ఉంటుంది. మూడు నెలలకి అదే పోతుంది" అంది అనిత.

"గాలే. ఏ గాలో సూసుకోవాలి గదా."

"నేను నర్సునమ్మా!"

"నాను నిన్ను కన్నదాన్నే! గుంట పుట్టిందని ఈ ఊరి అమ్మోరికి సెప్పనేదు. ఎవులింట్లో ఎవులు ఏడుస్తన్నారో ఆవిడకెలగ తెలుస్తాది?"

అప్పట్నుంచి దాలమ్మ వెతకడం మొదలుపెట్టింది. ఈశ్వర్‌తో కూరగాయల దుకాణానికి వెళ్ళినప్పుడల్లా కారద్దంలోంచి అటూ ఇటూ చూసేది. ఊరి మధ్య రోడ్లు కలిసే చోట ఒక కంచు విగ్రహం ఉంది. దిట్టమైన మగమనిషి, కుడిచేతిలో పైకెత్తిన కర్ర, ఆకాశం వైపు చూపు. అక్కడి వాళ్ళు ప్రాణం పెట్టే కర్రాట ఒకటుంది, హర్లింగ్ అంటారు. ఒకప్పుడు ఈ ఊరికి పెద్ద కప్పు తెచ్చిపెట్టిన ఆటగాడి విగ్రహం అది. ఈశ్వర్ ఆ సంగతి చెప్పాడు కూడా. దాలమ్మ వినలేదు. ఆవిడ కర్రనే చూస్తోంది.

"పోతురాజు" అంది.

"ఎవరత్తా?"

"ఊరి నడుమ కర్రట్టుకుని కాపలా ఉన్నోడు పోతురాజు కాకపోతే ఎవులు? తమ్ముడున్నాడంటే అక్క ఇక్కడే ఎక్కడో ఉండాల."

మన వైపు అమ్మవారి గుళ్ళ ముందు ఆవిడ తమ్ముడు పోతురాజు కాపలా ఉంటాడని ఈశ్వర్‌కీ తెలుసు. నవ్వేసి ఊరుకున్నాడు. అదే అతను చేసిన పొరపాటు.

క్రిస్మస్ వెళ్ళిన తరవాత ఒక ఉదయం, తల్లీ పిల్లా పడుకునున్నప్పుడు, దాలమ్మ ఈశ్వర్ కోటు తొడుక్కుని, ఉన్ని టోపీ పెట్టుకుని, పసుపు కుంకాల పొట్లాలు పట్టుకుని బయల్దేరింది. విగ్రహం నుదురు అందలేదు. మోకాళ్ళ దాకా అందింది. రెండు మోకాళ్ళకీ దట్టంగా పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టింది. "అక్క ఎక్కడుందో సెప్పు బాబూ" అని అడిగి, ఇంటికొచ్చి కాఫీ తాగింది.

ఆ మధ్యాహ్నం వాన పడింది. పసుపూ కుంకం కలిసి విగ్రహం కాళ్ళ మీంచి కింద రాతి దిమ్మ దాకా చారలు కట్టాయి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పక్క ఊరి కర్రాట జట్టు చొక్కాల రంగులు పసుపు, ఎరుపు. కొత్త సంవత్సరంలో ఆ రెండు ఊళ్ళకీ ఆట ఉంది.

సాయంత్రానికి బల్లిక్లోరా ఉడికిపోయింది. ఊరి ఫేస్‌బుక్ పేజీ నిండా ఆ ఫొటోలే. చనిపోయిన మహా ఆటగాడిని అవమానించారని, పక్క ఊరి కుర్రాళ్ళ పనేనని, ఆ రోజు మైదానంలో చూసుకుందామని ఒకటే కేకలు. పక్క ఊరివాళ్ళు మేం కాదు మొర్రో అంటున్నారు. అంతలో ఎవరో బ్యాంకు ముందున్న కెమెరాలోని బొమ్మ తీసి పెట్టారు. చీర కట్టు, దాని మీద మగవాళ్ళ కోటు, నెత్తిన టోపీ.

ఈశ్వర్ ఆ బొమ్మని ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చూశాడు. కోటు గుర్తుపట్టాడు. తింటున్న రొట్టె గొంతుకడ్డం పడింది.

ఇంటికొచ్చి, "అత్తా, ఏటి సేసేవు?" అన్నాడు.

"ఏటి సేసేను? బొట్టెట్టేను."

అనిత తల పట్టుకుంది. "ఆరేళ్ళయిందమ్మా నేనీ ఊరొచ్చి. ఒక్కరితో మాట పడలేదు. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"బొట్టెడితే మాటెందుకంటారే? ఈల ఊళ్ళో బొట్టు తప్పేటి?"

ఈశ్వర్ మర్నాడే కర్రాట సంఘం ఆఫీసుకి వెళ్ళాడు. బకెట్టు, బ్రష్షు కూడా పట్టుకెళ్ళాడు. మా అత్తగారు మీ ఆటగాడిని అవమానించలేదు, దేవుడనుకుని పూజ చేశారు అని చెప్పాడు. సంఘం పెద్ద ఈ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. అక్కడున్న నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. దేవుడనుకోవడంలో వాళ్ళకి పెద్ద అభ్యంతరం కనిపించలేదు. ఆ ఆటగాడి గురించి ఊరి అభిప్రాయం కూడా ఇంచుమించు అదే. బకెట్టు వెనక్కి పట్టుకెళ్ళమన్నారు. ఆట అయ్యేదాకా ఆ పసుపు అలాగే ఉంచితే మంచిదేమోనని ఒకాయన గొణిగాడు కూడా.

డిసెంబరు ముప్ఫై ఒకటో తేదీ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. అనిత తీస్తే ఒక పెద్దావిడ. ఎనభై దగ్గర పడుతుంటాయి. చేతిలో కేకు డబ్బా. నిటారుగా, బిగ్గరగా, ఆపకుండా మాట్లాడుతూ లోపలికొచ్చేసింది. పేరు నోరా.

"పేరేటట?" అంది దాలమ్మ.

"నోరా."

"ఓలమ్మ, సరిగ్గా ఎట్టేరు."

నోరా మాట్లాడుతూనే ఉంది. అనిత వింటూ వింటూ ఒక్కసారిగా ఆగిపోయి తల్లి వైపు చూసింది. తర్జుమా చెయ్యనా మాననా అని ఆలోచించింది. చివరికి చెప్పింది.

"అమ్మా, నువ్వు బొట్టు పెట్టిన విగ్రహం ఈవిడ తమ్ముడిదట. ఆయన పోయాక ఇన్నేళ్ళకి ఆయన కోసం ఎవరో దండం పెట్టుకున్నారంటే చూసిపోదామని వచ్చిందట."

దాలమ్మ దిగ్గున లేచి నిలబడింది.

"తమ్ముడా? సొంత తమ్ముడేనేటి?"

"అవునమ్మా."

"ఈవిడే పెద్దా?"

"అవునమ్మా! కానీ నువ్వు అనుకుంటున్నది..."

అప్పటికే దాలమ్మ వంటింట్లో ఉంది. కుంకం భరిణె తెచ్చి నోరా నుదుట రూపాయంత బొట్టు పెట్టింది. కాళ్ళకి పసుపు రాయబోతే అనిత చెయ్యి పట్టుకుని ఆపింది. నోరాకి ఇదంతా చాలా నచ్చింది. అద్దం అడిగి చూసుకుంది.

తరవాత దాలమ్మే నాకు చెప్పింది. "ఆవిడ మనిసేనని నాకు తెల్దేటి? కేకు తెచ్చిన అమ్మోరెక్కడైనా ఉంటాదా? కానీ అక్కకి అక్క సంగతి తెలుస్తాది గదా అని."

టీ తాగుతూ నోరా అడిగింది, రేపు కొత్త సంవత్సరం గదా, మీరేమైనా రిజల్యూషన్ పెట్టుకున్నారా అని. అనితకి తెలుగు మాట వెంటనే తట్టక, "తీర్మానం ఏమైనా చేశావా అని అడుగుతోంది" అంది.

"తీర్మానం పంచాయితీవోల్లు సేస్తారు. నానేటి సర్పంచినా?" అంది దాలమ్మ. "అయినా మనకి కొత్త సంవచ్చరం ఉగాదికి గదా. అదలగుండనీ. ఈ ఊరి అమ్మోరెక్కడో అడుగు."

"నేనడగను."

"అడగవా?"

"ఏమని అడగాలమ్మా? అమ్మోరంటే ఇంగ్లీషులో ఏమనాలి? నాకు సిగ్గేస్తుంది."

"అయితే తప్పుకో."

దాలమ్మ నడి హాల్లో నిలబడి, నెత్తి మీద ఘటం ఉన్నట్టు చేతులు పెట్టింది. చుట్టూ తిరిగింది. లేని వేపమండల్ని విదిలించింది. అంతా అర్థమయ్యేలా చెప్పాలి గదా అని నాలుక బయటపెట్టి, కళ్ళు పెద్దవి చేసి, పూనకం ఎలా వస్తుందో ఊగి చూపించింది. నోరా గాభరాగా లేచి, మీ అమ్మకి ఏదో అవుతోంది, నువ్వు నర్సువి గదా చూడవేం అని అనితని గదమాయించింది.

ఇక అనితకి తప్పలేదు. కిందా మీదా పడుతూ చెప్పింది. మా వైపు ప్రతి ఊరికీ ఒక తల్లి ఉంటుందని, పంటలకీ పశువులకీ పిల్లలకీ ఆవిడే దిక్కని, కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఆవిడకి చెప్పుకుంటారని. చెప్తున్నంతసేపూ కేకు ముక్క వైపే చూసింది, నోరా మొహం చూడలేదు.

నోరా ఆ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి మాట్లాడటం మానేసింది. తరవాత చిన్నగా, "ఓ, బావి" అంది.

ఊరి బయట చేలల్లో ఒక బావి ఉందట. బ్రిజిడ్ అనే తల్లి పేరుతో. పాడి ఆవులకీ, పురిటి తల్లులకీ ఆవిడ కాపుదలట. నోరా చిన్నప్పుడు వాళ్ళమ్మ ప్రతి పిల్లకీ అక్కడి నీళ్ళు తెచ్చి తుడిచేదట. ఇప్పుడు ఎవరూ పెద్దగా వెళ్ళడం లేదట.

అనిత చెప్పడం పూర్తికాకముందే దాలమ్మ కోపంతో ఎర్రబడిపోయింది. "ఆవులకీ, పురిటికీ! ఊరి పక్కనే ఎట్టుకుని, ఆరేళ్ళుగా అమ్మోరు నేదని సెప్తావేటే!"

మర్నాడు, జనవరి ఒకటి, ఊరంతా తలుపులు మూసుకుని నిద్రపోతుండగా నలుగురూ బయల్దేరారు. నోరా ముందు, ఆ వెనక దాలమ్మ, పిల్లని గుండెకి కట్టుకుని అనిత. ఈశ్వర్ చేతిలో సంచీ. గొర్రెలు మేసే చేను దాటాక చిన్న పల్లం. అందులో రాళ్ళు పేర్చిన చిన్న నీటిగుంట. దాని మీదకి వంగి ఆకుల్లేని ఒక ముళ్ళచెట్టు. ఆ చెట్టు కొమ్మలనిండా గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. వానకి తడిసి రంగులు వెలిసిపోయినవి, నిన్న మొన్న కట్టినట్టున్నవి. ఒక కొమ్మకి పసిపిల్ల మేజోడు.

ఎవరూ రావడం లేదని నోరా అనుకుంటోంది గానీ, ఎవరికీ చెప్పకుండా చాలామందే వస్తున్నారు.

దాలమ్మకి ఎవరూ ఏమీ చెప్పవలసిన అవసరం లేకపోయింది. "ముడుపులు" అంది. చెప్పులు విప్పేసి, ఆ చలిలో తడి గడ్డి మీద నిలబడింది.

"తల్లీ, నాను గంగాలవలస దాలమ్మని. గజపతినగరం దగ్గిర. నాను అసిరితల్లి మనిసిని, ఇజిటింగు మీద వచ్చేను. నాకు నువ్వేటీ సెయ్యక్కర్నేదు, పిబ్రవరిలో ఎలిపోతాను. ఇది నా కూతురు. ఆరేళ్ళ కిందటే వచ్చినాది, నీకు సెప్పనేదు. సదువుకున్నాది గదా, తెల్దు. ఏటీ అనుకోకు. ఈ గుంట మాత్రం నీ పొలిమేరలో పుట్టినాది. నీదే. సాయంకాలం అయితే ఏడుస్తంది. కాస్త సూడు మరి."

పాత చీర అంచు చింపి తెచ్చిన పీలికని పసుపు నీళ్ళలో తడిపి కొమ్మకి కట్టింది. నోరా నీళ్ళలో వేలు ముంచి పిల్ల నుదుట రాసింది. చన్నీళ్ళు తగిలి పిల్ల ఆరునొక్క రాగంలో ఏడ్చింది. అనిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చలిగాలి వల్ల అంది. ఆ చెట్టు మీద ఆ ఒక్క పసుపు పీలిక చూస్తూ ఆమె కదలకుండా చాలాసేపు నిలబడిందని ఈశ్వర్ చెప్పాడు.

వెనక్కి వస్తుంటే దాలమ్మ మొదలుపెట్టింది. "ఒక కోడి దొరుకుతాదేటి?"

"దేనికి?" అన్నాడు ఈశ్వర్, దేనికో తెలిసీ.

"దేనికేటి? అమ్మోరికి."

"అత్తా, ఇక్కడ చేన్లో కోడిని కోస్తే పోలీసులొస్తారు."

"కొట్లో అన్నేసి కోల్లున్నాయి గదా."

"అవి తలకాయల్లేని కోళ్ళమ్మా" అంది అనిత.

దాలమ్మకి ఆ సంగతి నిజమేననిపించింది. తలకాయ లేని కోడిని, అదీ ఐసులో గడ్డకట్టినదాన్ని తీసుకెళ్తే ఏ అమ్మోరైనా నవ్వుతుంది. చివరికి ఆ కోడినే ఇంట్లో కూర వండి, అమ్మోరి పేరు చెప్పి నోరాకి పెట్టారు. నోరా కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతుంటే, ముక్కు తుడుచుకుంటూ, గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. డబ్లిన్‌లో డెలివరీ కాకుండా మిగిలిన కారప్పొడిలో సగం ఆ కూరకే ఖర్చయింది.

ఆ సాయంత్రం పిల్ల మామూలుకన్నా గట్టిగా ఏడ్చింది.

"ఏటమ్మా మరి? చెప్పావు గదా మీ అమ్మోరికి" అంది అనిత.

దాలమ్మ తొణకలేదు. "అర్జీ ఇయ్యేలే గదా ఇచ్చేం. జనవరి ఒకటి సెలవని నువ్వే అన్నావు."

ఆ తరవాతి వారంలో పేరు పెట్టారు. గజపతినగరం నుంచి వేంకటాచలం పంతులుగారు వీడియో కాల్లో కూర్చున్నారు. సంకల్పం చెప్తూ శ్రీశైలం దగ్గర ఆగారు.

"అమ్మా అనితా, మీ ఊరు శ్రీశైలానికి ఏ దిక్కునమ్మా?"

ఈశ్వర్ ఇంకో ఫోన్లో మ్యాప్ తెరిచాడు. "వాయవ్యం పంతులుగారూ."

"ఎంత దూరం?"

"దూరం కూడా చెప్పాలాండీ?"

"అక్కర్లేదు. ఊరికే నా కుతూహలం." ఆయన వాయవ్య ప్రదేశే అని ముందుకెళ్ళి, అలవాటు కొద్దీ అసిరితల్లి పేరు ఎత్తారు.

"పంతులుగారూ, ఆగండి" అంది దాలమ్మ. "ఆవిడ మన పొలిమేరలో ఉన్నాది. ఇక్కడావిడ బ్రిజిడమ్మ."

పంతులుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్ఫై ఏళ్ళ పౌరోహిత్యంలో ఆయనకిది కొత్త. కాసేపు ఆలోచించి, గొంతు సవరించుకుని, "బ్రిజిడాంబా సన్నిధౌ" అని గంభీరంగా పలికారు. మాట బాగానే కుదిరిందని ఆయనకే అనిపించినట్టుంది, ఇంకోసారి కూడా పలికారు. పిల్లకి సంహిత అని పేరు పెట్టారు.

ఏడుపు ఫిబ్రవరికి తగ్గింది. మూడు నెలలకి తగ్గుతుందని ముందే చెప్పాను గదా అంది అనిత. రెండు నెలలకే తగ్గింది గదా అంది దాలమ్మ. ఈశ్వర్ రెండూ నిజమేనన్నాడు. అతను బతకనేర్చిన అల్లుడు.

అప్పటికి దాలమ్మ, నోరా జంట అయిపోయారు. మధ్యాహ్నాలు నోరా వంటింట్లో కూర్చుని ఈవిడ తెలుగులోను, ఆవిడ ఇంగ్లీషులోను మాట్లాడుకునేవారు. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం వల్ల ఇద్దరికీ పూర్తిగా మాట్లాడుకోవడానికి వీలయ్యేది. కర్రాటలో బల్లిక్లోరా ఓడిపోయింది. సంఘం వద్దన్నా ఆటకి ముందు ఎవరో విగ్రహం మోకాళ్ళకున్న పసుపు కడిగేశారు, అందుకే ఓడిపోయామని నోరా ఊరంతా చెప్పింది.

దాలమ్మ ఊరికొచ్చాక పది మందీ చుట్టూ చేరారు. మంచు పడిందా, మేడలు ఎంతెత్తున్నాయి అని అడిగారు. ఆవిడ బావి గురించి మాత్రమే చెప్పింది. ఎదురింటి గున్నమ్మ దగ్గరకి జరిగి, "ఆల అమ్మోరు తెల్లగుంటాదేటే?" అని రహస్యంగా అడిగింది.

"మొగం సూపించనేదు" అంది దాలమ్మ. "కొత్తమనిసిని గదా."

అనిత ఇప్పుడు ఎలా ఉందని నేను ఈశ్వర్‌ని ఫోన్లో అడిగాను. వీధిలో నలుగురు పేరు పెట్టి పలకరిస్తున్నారట. నర్సు అనితగా కాదు, బొట్టు పెట్టినావిడ కూతురిగా. మొదట్లో సిగ్గుపడిందట. ఒక ఎండ కాసిన రోజు పిల్లని బండిలో పెట్టుకుని ఎటో వెళ్ళి, బూట్లనిండా చేను మట్టితో తిరిగొచ్చిందట.

ఉగాదినాడు వాళ్ళు వీడియో కాల్ చేసినప్పుడు నేను దాలమ్మ ఇంట్లోనే ఉన్నాను. ఫోన్ చుట్టూ పదిహేను తలకాయలు. అవతల అనిత, ఒళ్ళో సంహిత, పక్కన నోరా. డబ్లిన్‌లో ఇండియా కొట్టు నుంచి తెచ్చిన ఎండు వేపపువ్వుతో పచ్చడి చేసి అనిత ఆవిడకి గిన్నెలో పెట్టింది. నోరా పెద్ద చెంచాతో నోట్లో వేసుకుంది. మొహం అష్టవంకర్లు తిరిగింది.

"పాపం, ముసిల్దానికి నీల్లియ్యండే!" అని గున్నమ్మ ఇక్కణ్ణుంచి అరిచింది.

నోరా ఏదో అంది. అనిత నవ్వుతూ చెప్పింది. "కొత్త సంవత్సరం మొదటి రోజునే ఇంత చేదు ఎవరైనా కావాలని తింటారా అంటోందమ్మా."

"బెల్లం కూడా ఏసేవు గదా?"

"వేశాను."

"అయితే అడుగునుండిపోనాది. కలుపుకోమను."

అనిత ఆ మాట చెప్పింది. నోరా గిన్నె దగ్గరగా తెచ్చుకుని, కళ్ళజోడు సర్దుకుని, చెంచాతో అడుగు దాకా కలపడం మొదలుపెట్టింది.

"ఇంకా కిందకి, ఇంకా కిందకి" అంటోంది దాలమ్మ, ఫోన్లోకి వేలు పెట్టి చూపిస్తూ.